మూత ఉన్నవాడిదే కలం

పెన్నకు వరదొస్తే మా వైపు పొలాలు మునుగుతాయి. పెన్నుకు వరదొస్తే చొక్కాలు మునుగుతాయి. రెండింటికీ గట్టి కట్ట కట్టడం ఇంతవరకూ ఏ ఇంజనీరు వల్లా కాలేదు. అయితే పెన్ను దొంగతనానికి మాత్రం మా వాళ్ళు ఎప్పుడో కట్ట కట్టేశారు. పోస్టాఫీసులో పక్కవాడు ఒక్కసారి పెన్నిస్తారా అంటే ఇస్తారు. ఒళ్ళు ఇస్తారు, మూత ఇవ్వరు. మూత తీసి ఎడమ చేతి గుప్పిట్లో పెట్టుకుని, రాసేవాడి మోచేతి పక్కన కాపలా నిలబడతారు. మూతలేని పెన్ను జేబులో పెట్టుకుంటే గుండెకాయ మీద సిరా మరక పడుతుంది గనక ఎంతటి మతిమరుపు మహాశయుడైనా తిరిగిచ్చి తీరాలి. ఈ అలవాటులోంచి ఒక ధర్మశాస్త్రం కూడా పుట్టింది. కలం గురించి తగాదా వస్తే మా వైపు సాక్షుల్ని పిలవరు. మూత ఎవరి దగ్గరుందని అడుగుతారు. మూత ఉన్నవాడిదే కలం. అంతటితో తగాదా తీరిపోతుంది.

ఈ శాస్త్రాన్ని పొల్లుపోకుండా పాటించి మునిగిపోయిన మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు జ్ఞానప్రకాశం.

అల్లూరికి తూర్పున, కాలవ దాటి, సముద్రం హోరు వినపడే దూరంలో దొరదిబ్బ అని ఒక పల్లె. ఇసక తప్ప ఏమీ పండని దిబ్బకు దొర పేరు రావడానికి కారకుడు విల్కిన్ దొర. మిషను తరపున వచ్చి, అక్కడ తాటాకు ప్రార్థనశాల వేసి, చాపలు పట్టే పిల్లల చేత తాటికాయలంత అక్షరాలు దిద్దించాడు. ఆయనకు మాటసాయం, రాతసాయం చేసిన కుర్రవాడు మన జ్ఞానప్రకాశం. దొరకు తెలుగు మాట దొరకనప్పుడల్లా కలం మూతను తోకకు తగిలించి దాని కొస కొరికేవాడు. మన బండి ర ఎంత కష్టమో ఆ మూతకు తెలుసు. దాని నెత్తి నిండా పళ్ళ గాట్లు.

ఇరవై ఏడో సంవత్సరంలో దొర దేశం వెళ్ళిపోతూ, కాలవ రేవులో పడవెక్కే ముందు ఆ నల్ల కలం తీసి జ్ఞానప్రకాశం జేబుకు తగిలించాడు. "ఇక నువ్వు రాయి" అన్నాడు. దొర తెలుగు గనక, ఆ రాయి రాసే రాయో మోసే రాయో అని జనం చాలాకాలం నవ్వుకున్నారు. ఆ మాట విన్నవాడు ఇంకొకడు ఉన్నాడు, పడవకు గెడ వేసే సమాధానం అనేవాడు. రేవులో ఏం జరిగిందంటే సమాధానం చెప్పాల్సిన ఆ సమాధానం కొన్నేళ్ళకు సమాధిలోకి వెళ్ళిపోయాడు. దొర కూడా తన దేశంలో ముప్పై అయిదులో పోయాడని ఉత్తరం వచ్చింది.

జ్ఞానప్రకాశం ఆ పల్లెలో వాక్యం చెప్పి ప్రార్థన నడిపే ఉపదేశి అయ్యాడు. పేరులో జ్ఞానమూ ఉంది, ప్రకాశమూ ఉంది. ఇంట్లో ఉన్నది కిరసనాయిలు బుడ్డి. ఆయన, భార్య నవోమి, జేబులో కలం, ఈ ముగ్గురే కుటుంబం. పల్లెలో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ ఆ కలంతోనే రాశాడు. తన పేరు నిలబెట్టే బిడ్డ మాత్రం కలగలేదు. మెల్లగా మూత ఎండకు వెలిసి, తేనీటి రంగుకు తిరిగింది. ఒళ్ళు నల్లగానే ఉంది. అందులో వింతేమీ లేదు. జేబులో పెట్టిన కలానికి ఎండ తగిలేది మూతకే గదా. మనుషుల్లోనూ అంతే, తల ముందు నెరుస్తుంది.

ఇక పద్మనాభయ్య. కచేరీలో గుమాస్తాగా చేసి దిగిన మనిషి. పాటల కచేరీ కాదు, జనం పాట్లు పడే కచేరీ. ఆయనకు కలాల పిచ్చి. ఇంటి నిండా చుట్టల డబ్బాలు, డబ్బాల నిండా దూది, దూదిలో పడుకోబెట్టిన కలాలు. తన పిల్లలు ఎప్పుడు పుట్టారో భార్యనడగాలి గానీ, కలం ఎప్పుడు పుట్టిందో ఎవర్నీ అడగక్కర్లేదు. చేతికిస్తే చాలు, బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. రబ్బరు వాసన వేస్తే అది ఎబొనైటు, ముసలిది. కర్పూరం వాసన వేస్తే సెల్యులాయిడు, నడివయసుది. ఏ వాసనా వెయ్యకపోతే ప్లాస్టిక్కు, నిన్నా మొన్నటిది. ఆపైన సిరా చుక్కలుగా పోసేదా, మీట లేపితే పీల్చేదా అని చూసి, పాళీ మీది అక్షరాలు భూతద్దంలో చదివి, మోడల్ ఫలానా, పుట్టిన కాలం ఫలానా అని తేల్చేవాడు. తప్పు చెప్పగా విన్నవాళ్ళు లేరు. మనిషి వయసు దాస్తాడు, కలం దాయలేదు అని ఆయన తరచూ అనేవాడు. నిజమే. కానీ కలాన్ని మనిషి దాయగలడు.

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు జ్ఞానప్రకాశం చాపలవాళ్ళ అర్జీ ఒకటి పట్టుకుని కచేరీకి వెళ్ళాడు. పద్మనాభయ్య అప్పటికింకా ఉద్యోగంలో ఉన్నాడు. ఉపదేశి జేబులో వెలిసిన మూత చూడగానే ఆయన ముక్కు నిక్కబొడుచుకుంది. కలం అడిగి పుచ్చుకుని రుద్ది వాసన చూశాడు. దొరలు తెచ్చుకున్న కలమే ఇది ఉపదేశీ, మీ దొరకంటే ముందు పుట్టిందేమో అని మెచ్చుకున్నాడు. బదులుగా తన డబ్బాల్లోంచి ఏది కావాలన్నా ఇస్తానన్నాడు. జ్ఞానప్రకాశం చేతులు జోడించి, ఇది నాది కాదయ్యా, నా దగ్గరుందంతే అన్నాడు. పద్మనాభయ్య నవ్వి ఊరుకున్నాడు. ఊరుకున్నది నోరే. ముక్కు ఊరుకోలేదు. కలం తిరిగివ్వక ముందే దాని మెడ మీద మూత బిగిసే మరచుట్టు ఎంత లావో, ఎంత జారో ఆయన వేలు కొలిచి పెట్టుకుంది.

ఆ కొలతకు సరిపోయే నల్లటి ఒళ్ళు దొరికేదాకా వెతికాడు. దొరికింది ప్లాస్టిక్కుది, బంగారపు రంగు పూత పాళీది. దాన్ని నిప్పుల సెగకు, చింతపండు రసానికి కాస్త ముసలితనం నేర్పి బల్ల సొరుగులో పెట్టాడు. మళ్ళీ అర్జీ వచ్చిననాడు, లోపల ఆఫీసరు సంతకం చెయ్యాల, నీ పెన్నిట్టియ్యి అన్నాడు. జ్ఞానప్రకాశం పద్ధతి తప్పలేదు. ఒళ్ళిచ్చాడు, మూత గుప్పిట పట్టాడు. లోపలికి వెళ్ళిన ఒళ్ళు వేరు, బయటికి వచ్చిన ఒళ్ళు వేరు. మూత మాత్రం కాపలాదారు చేతిలో భద్రంగా ఉంది. ఇంటికి వేసిన తాళం అట్లాగే ఉండగా ఇల్లు పోయిందంటే ఎవరు నమ్ముతారు?

మూత సరిగ్గా కూర్చుంది. కానీ మర్నాడు రాయబోతే పాళీ కాగితాన్ని గీరింది. జ్ఞానప్రకాశం పరుగున కచేరీకి వెళ్ళి చెబితే పద్మనాభయ్య ఎంతో నొచ్చుకున్నాడు. ఆఫీసరు చెయ్యి బరువు, పాళీ చెదిరినట్టుంది, తప్పు నాదే అన్నాడు. జ్ఞానప్రకాశమే ఆయన్ను ఓదార్చి వచ్చాడు. పరాయి చెయ్యి తగిలితే పాళీ అలుగుతుందని మా వైపు ఒక నమ్మకం. దొర కలం తన మీద అలిగిందని ఆయన నమ్మాడు. అప్పటినుంచీ దానితో రాయడం తగ్గించాడు. ఎప్పుడైనా ఒక బిడ్డ పేరు రాస్తే కర్రు కర్రుమని అది గీరిన ప్రతి అక్షరానికీ మనసులో క్షమాపణ చెప్పుకునేవాడు. నిబ్బు పోయింది గానీ మనిషికి నిబ్బరం పోలేదు. ఏదో ఒకనాటికి అలక తీరుతుందనుకునేవాడు.

పద్మనాభయ్యకూ సుఖం లేదు. మొండెం దొరికింది గానీ తల లేదు. ప్లాస్టిక్కు ఒంటితో పుట్టిన మూత దానికి కుదిరింది గాని, రాణికి దాసిదాని ముసుగేసినట్టుంది. పైగా దొంగ సొత్తుకు ఉన్న పెద్ద దుఃఖం ఏమిటంటే దాన్ని నలుగురికీ చూపించుకోలేం. వచ్చినవాళ్ళకు మిగతా కలాలన్నీ చూపించి, ఆ ఒక్క డబ్బా దగ్గర నోరు కుట్టుకునేవాడు. అంత నోరున్న మనిషికి అది చిన్న శిక్ష కాదు.

అరవై రెండులో గాలివానకు దొరదిబ్బ ప్రార్థనశాల ఎగిరిపోయింది. ఇటుకలతో కొత్త మందిరం కట్టాలనుకున్నారు. పునాదిరాయి వెయ్యవలసింది దొర చేతి మనిషేననీ, వేసినవాడి పేరు ఆ రాతి మీద చెక్కించాలనీ సంఘంలో అనుకున్నారు. దొర చేతి మనిషి ఉపదేశయ్య తప్ప ఇంకెవరు? ఆ రాత్రి నవోమి అన్నం పెడుతూ అన్న మాట పల్లె మొత్తానికి తెలుసు, ఎందుకంటే మర్నాడు బావి దగ్గర ఆమే చెప్పింది.

"నీ పేరు మొయ్యను మనిషి లేకపాయె. రాయన్నా మొయ్యనీ."

ఆయన ముద్ద కలుపుతూ, రాతి మీద జ్ఞానప్రకాశం అని పూర్తిగా పడుతుందా, లేక పొట్టి చేస్తారా అని అడిగాడట. అంత ఆశ ఆయన అదివరకెప్పుడూ పడలేదు.

అడ్డం వచ్చినవాడు హెబ్రోను. గెడ వేసిన సమాధానం కొడుకు. తండ్రి ఒక్క పడవ నెట్టుకొస్తే కొడుకు చాలా పడవలకు యజమానై, కాలవ మీద కట్టెలూ సున్నమూ తోలుతున్నాడు. మందిరానికి సున్నం అతనిది, ఇటుకలు అతనివి. ఇక రాతి మీద పేరు కూడా అతనిదైతే సరిపోయేది. పాదిరి క్రీస్తురాజుగారి ఎదుట అతను ఎంతో మర్యాదగానే మాట్లాడాడు. దొర కలం ఇచ్చినట్టు మా నాయన నాతో ఒక్కనాడూ అనలేదు, రేపు మిషను పెద్దలొచ్చి అడిగితే మనం నవ్వులపాలవుతాం, పద్మనాభయ్యగారి చేత ఒకసారి చూపిద్దాం అన్నాడు. కలం దొర కాలానిదని తేలితే ఉపదేశయ్యే రాయి వెయ్యాలి, తేలకపోతే సంఘం ఇంకొకర్ని చూసుకోవాలి. పాదిరిగారు ఆలోచించారు. ఆయన ఆలోచించిన దిక్కున సున్నం కుప్ప తెల్లగా మెరుస్తోంది. సరే అన్నారు.

జ్ఞానప్రకాశం సంతోషంగా ఒప్పుకున్నాడు. కలాల వయసు చెప్పడంలో పద్మనాభయ్యను మించినవాడు లేడు, పైగా ఆ కలాన్ని ఒకసారి మెచ్చుకున్న మనిషి. ఇంతకన్నా మంచి తీర్పరి ఎక్కడ దొరుకుతాడు?

ఆదివారం ఆరాధన అయ్యాక, తాటాకు పందిరి కింద బల్ల వేసి పద్మనాభయ్యను కుర్చీలో కూర్చోబెట్టారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. జ్ఞానప్రకాశం ఉతికిన చొక్కాతో వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి కలం తీశాడు. మూత తిప్పాడు. ఒళ్ళు పద్మనాభయ్య చేతిలో పెట్టి, మూత ఎడమ గుప్పిట్లో మూసుకున్నాడు. చేతికి అలవాటు. తన తరపున మాట్లాడగలిగిన ఒకే ఒక్క సాక్షి నోరు తన చేత్తోనే మూశాడు. పందిరి కింద ఎవరూ మూత అడగలేదు. పద్మనాభయ్య అసలే అడగలేదు.

ఆయన ఒంటిని రుద్దాడు, వాసన చూశాడు, పక్కనున్న పెద్దలకూ వాసన చూపించాడు. ఏమన్నా వచ్చిందా అని అడిగాడు. వాళ్ళకు ఏ వాసనా రాలేదు. ఎబొనైటు గురించి, ప్లాస్టిక్కు గురించి, పాళీ మీద బంగారపు ముద్ర లేకపోవడం గురించి చక్కగా పాఠం చెప్పాడు. చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. అదీ ఆయన గొప్పతనం. మాట మాటా నిజం చెబుతూ అబద్ధమాడగల మనిషి.

"మీ దొర ఎప్పుడు పోయినాడు ఉపదేశీ?"

"ఇరవై ఏడులో దేశానికి పోయినారయ్యా. ముప్పై అయిదులో ప్రభువు దగ్గరికి పోయినారు."

"ఇది యుద్ధం అయినాక పుట్టిన సరుకు. ముప్పై అయిదులో పోయిన మనిషి దీన్ని నీకెట్టిచ్చినాడు? పరలోకం నించి పార్సిలు కట్టినాడా?"

పందిరి నవ్వింది. హెబ్రోను నవ్వలేదు. కుండ దించేవాడు పొయ్యిలోకి ఊదడు. జ్ఞానప్రకాశానికి మొదట మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక, కచేరీలో మీరే దీన్ని చూసి దొరల కలమన్నారు గదయ్యా అని గుర్తుచేశాడు. పద్మనాభయ్య దానికీ సిద్ధంగా ఉన్నాడు.

"అంటే ఉంటాను. నువ్వప్పుడు చూపించింది దొరదేనేమో. ఇది అది కాదు. మరి దాన్నేం చేసినావు? ఎవరికమ్ముకున్నావు?"

ఇప్పుడు నవ్వు ఆగిపోయింది. నవ్వు ఆగాక వచ్చే నిశ్శబ్దం నవ్వుకంటే హీనం. జ్ఞానప్రకాశం ఖాళీ కుడి అరచెయ్యి చూసుకున్నాడు, ఎక్కడో జారవిడిచినవాడిలాగా. అలిగిన కలం, గీరిన అక్షరాలు ఆయనకు గుర్తొచ్చాయేమో, నిజంగానే తనవల్ల ఏదో పోయిందని మొహంలో కనిపించింది. ఆ మొహం చూసి చాలామంది తీర్పు చెప్పేశారు.

ఆడవాళ్ళ వైపునుంచి నవోమి లేచి నిలబడింది.

"మూత చూపించయ్యా. దొర పండ్లు పడిన మూత చూపించు."

ఆయన గుప్పిట తెరిచాడు. పద్మనాభయ్య మూతను చూశాడు, చూపు తిప్పుకోవడానికి ఆయనకు కొంచెం కష్టమైంది.

"పంచె కొత్తదని తేలినాక తలగుడ్డ ఎంత పాతదైతే ఏందమ్మా. పాత టోపీలు నా దగ్గర డబ్బా నిండా ఉండాయి."

"ఎలక్కు గూడా పండ్లుంటాయి అత్తా" అన్నాడు హెబ్రోను మెత్తగా.

అంతే. టోపీ పెట్టినవాడెవడో, పెట్టించుకున్నదెవరో ఎవరూ ఆలోచించలేదు. సంఘం లేచిపోయింది.

తరువాత జ్ఞానప్రకాశం ఇల్లు కదల్లేదు. దారిలో పిల్లలు పరలోకం పార్సిలు అని అరిచేవారు. ఆయన పేరు రాసిపెట్టిన బిడ్డలే. ఆ రోజుల్లో పద్మనాభయ్య ఒక సాయంత్రం అరటిపళ్ళు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. ఎంత ఆదరంగా మాట్లాడాడని. శాస్త్రం ఉన్నదున్నట్టు చెప్పక తప్పలేదనీ, తనకు నిద్ర పట్టడం లేదనీ అన్నాడు. చివరికి, ఆ వెలిసిన మూత జేబులో కనపడ్డ కొద్దీ జనం నవ్వుతారు, నాకిచ్చెయ్, నా పాత సామాన్లలో పడేస్తా, నీకు శని వదులుతుంది అన్నాడు. జ్ఞానప్రకాశం జేబులోంచి కలం తీశాడు. నవోమి గడపలో నిలబడి ఉంది.

"మూతిస్తే కలమిచ్చినట్టే అంటారు గదయ్యా."

"ఏం కలమే" అన్నాడు జ్ఞానప్రకాశం. "ఉంటే గదా."

మూత తీసి ఇచ్చేశాడు. పద్మనాభయ్య దాన్ని పుచ్చుకున్న తీరు చూస్తే పాత సామాన్లలో పడేసేవాడిలా లేడు. అరటిపళ్ళు అరుగు మీదే మర్చిపోయి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆ పూట ఆయన ఇంట్లో తలా మొండెమూ కలుసుకున్నాయి. పాపం, ఇక నోరు కుట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. మర్నాడే హెబ్రోను దగ్గరికి వెళ్ళి, నిఖార్సయిన దొర కాలపు కలం ఒకటి తన దగ్గరుందనీ, అది సమాధానం పెట్టెలో దొరికిందంటే కాదనేవాడు లేడనీ, రాయి వేసే రోజున సభలో దాని మోడల్, వయసు తానే చెబుతాననీ అన్నాడు. హెబ్రోనుకు తన తండ్రే దొర చేతి మనిషనడానికి గుర్తు కావాలి, పద్మనాభయ్యకు సభ కావాలి. ఒకరి ఆకలికి ఒకరు అన్నమయ్యారు. ఉపదేశి దొర కలం అమ్ముకున్నాడన్న మాట పోయి, దొర అసలు ఆయనకు ఇవ్వనేలేదన్న మాట పల్లెలోకి వచ్చింది. రెండూ ఒకేసారి నిజం కావడం ఎట్లాగని ఎవరికీ తోచలేదు. మా వాళ్ళకు చాపలో ముళ్ళేరడం వచ్చు, మాటలో ముళ్ళేరడం రాదు.

రాయి వేసే రోజు పొద్దున్నే వచ్చింది. సముద్రపు గాలి, రంగుకాగితాల తోరణాలు, గాడిపొయ్యి మీద చాపల పులుసు. రాతి మీద హెబ్రోను, సమాధానంగారి కుమారుడు అని చెక్కి ఉంది. ఒక కాగితం మీద సంఘం పెద్దలందరి సంతకాలు పెట్టించి, దాన్ని సీసాలో వేసి బిరడా బిగించి, రాతి కింద పెట్టాలి. అన్ని సంతకాలూ దొర కలంతోనే. ముందు పద్మనాభయ్య కుర్చీలోంచి లేచి, ఒళ్ళు రుద్ది, ముక్కులన్నిటికీ తిప్పాడు. ఇది ఎబొనైటు, చుక్కల సిరా మోడల్, మొదటి జర్మను యుద్ధానికి ముందుది, పాళీ బంగారం అని చెప్పాడు. ఈ తడవ కూడా ఒక్క అబద్ధం లేదు. కలం హెబ్రోను చేతికి ఇచ్చాడు. ఒళ్ళే ఇచ్చాడు. మూత ఎడమ గుప్పిట్లో మూసుకున్నాడు. చేతికి అలవాటు.

పెద్దలు సంతకాలు చేశారు. చివర్న హెబ్రోను పెద్దమనసుతో జ్ఞానప్రకాశాన్ని పిలిచాడు. ఆయనను రమ్మనిందే సంఘమంతా అందుకు మెచ్చుకోవాలని. నవోమి వద్దంది, అయినా ఆయన వెళ్ళి బల్ల ముందు వంగి కలం అందుకున్నాడు.

కాగితం మీద జ్ఞ అని పెట్టాడు. ఆ అక్షరానికి ఎన్ని వంపులుంటాయో మీకు తెలుసు. ఒక్క వంపులోనూ గీరలేదు. పాళీ నీళ్ళ మీద పడవలాగా వెళ్ళింది. ఆయన ఆగాడు. బొటనవేలు దానంతటది వెళ్ళి మెడ దగ్గర ఒక చిన్న పల్లంలో కూర్చుంది, తానే ఏళ్ళ తరబడి పట్టి పట్టి అరగదీసిన పల్లంలో. పేరు పూర్తిగా రాశాడు, పొట్టి చెయ్యకుండా. రాసి, కలం బల్ల మీద పెట్టకుండా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. చుక్కల సిరా కలం, వంచి పట్టుకుంటే ఊరుకోదు. తెల్లటి బల్లగుడ్డ మీద ఒక చుక్క, ఇంకో చుక్క.

"మూత పెట్టండయ్యా, గుడ్డ పాడవతా ఉండాది" అన్నారు పాదిరిగారు.

"దీని మూత ఏది?" అన్నాడు జ్ఞానప్రకాశం.

హెబ్రోను పద్మనాభయ్య వైపు చూశాడు. పద్మనాభయ్య ఎటూ చూడలేదు. ఇంకో చుక్క పడింది. పాదిరిగారు చెయ్యి చాపారు. గుప్పిట తెరవక తప్పింది కాదు. తేనీటి రంగు మూత, నెత్తి నిండా పళ్ళ గాట్లు. దొరదిబ్బలో దాన్ని ఎరగనివాడు లేడు.

జ్ఞానప్రకాశం గొంతు పెంచలేదు. ఆయనకు పెంచడం రాదు.

"ఈ మూత మొన్నటిదాకా నా దగ్గరుండింది. ఒళ్ళు వీళ్ళ దగ్గరుండింది. కలం ఎవరిదో మీరే చెప్పండి."

మా వైపు శాస్త్రం చంటిపిల్లకు కూడా తెలుసు. పందిరి కింద ఉన్న ప్రతి మనిషికీ జవాబు తెలిసిపోయింది. అది ఎలా పోయింది, ఎక్కడ పోయింది, ఎవరు తీశారు అన్నది కూడా ఒక్కొక్క మొహంలో వరసగా వెలిగింది. అంత ప్రకాశం ఆ పల్లెలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. పద్మనాభయ్య చెమట తుడుచుకున్నాడు. హెబ్రోను రాతి వైపు చూశాడు. చెక్కిన పేరు రబ్బరు పెట్టి తుడిస్తే పోయేది కాదు. పాదిరిగారు సున్నం వైపు చూశారు. జనం పులుసు వైపు చూశారు. ఎవరూ నోరు తెరవలేదు. తెరిస్తే రాయి ఆగాలి, రాయి ఆగితే ఇటుకలు ఆగాలి, ఇటుకలు ఆగితే ఈ వానాకాలం కూడా దేవుడు తాటాకుల కిందే ఉండాలి.

మేస్త్రీ చెంచయ్య గోతిలోంచి తల పైకెత్తాడు.

"అయ్యా, సున్నం బిగుసుకుంటా ఉండాది."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు పాదిరిగారు పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు, రోజూ కన్నా గట్టిగా. ఆ పాట చాటున పద్మనాభయ్య జ్ఞానప్రకాశం వేళ్ళలోంచి కలాన్ని మెల్లగా లాగి, మూత తిప్పి బిగించి, తన జేబుకు తగిలించుకున్నాడు. కాగితం చుట్టి సీసాలో వేశారు. సీసా గోతిలో పెట్టారు. హెబ్రోను పూలమాల వేసుకుని రాయి దించాడు.

జ్ఞానప్రకాశం పేరు రాతి మీద పడలేదు. రాయి ఆయన పేరు మీద పడింది.

భోజనాల దగ్గర జ్ఞానప్రకాశాన్ని ముందు పంక్తిలో కూర్చోబెట్టారు. హెబ్రోను తన చేత్తో చాపతల తెచ్చి ఆయన ఆకులో వేశాడు. అందరూ ఎంతో మర్యాద చేశారు, ఎవరూ కళ్ళలోకి చూడలేదు. ఆయన అన్నం ముట్టుకోలేదు. కుడిచేతి బొటనవేలు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి కడుక్కోమని నీళ్ళు తెచ్చిన నవోమి, ఏంది వాసన అని అడిగింది.

"రబ్బరు" అన్నాడు. మళ్ళీ ఒకసారి వాసన చూసుకుని, "అది నా మీద అలగలేదే" అన్నాడు.

నీళ్ళచెంబు వెనక్కు తీసుకుపొమ్మన్నాడు.